వీల్‌చైర్‌లో వచ్చే విశ్వాసికి సంఘంలో చోటెక్కడ?

ఆదరణ (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. నా తమ్ముడి విషయంలో మీ సలహా కావాలి. వెన్నెముకకు దెబ్బ తగిలినప్పటి నుంచి వాడు వీల్‌చైర్‌లోనే ఉంటున్నాడు. అంతకుముందు సంఘంలో కీబోర్డు వాయించేవాడు, యువజన కూటం నడిపేవాడు. ఇప్పుడు ఆరాధనకు వెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడగకుండానే తలమీద చేతులుంచి, లేచి నడవమని గట్టిగా ప్రార్థిస్తారు. బయటి నుంచి వచ్చే ప్రసంగీకులైతే కుర్చీని ముందుకు తోసుకెళ్లి అందరూ చూస్తుండగా లేపడానికి ప్రయత్నిస్తారు. లేవలేకపోతే "విశ్వాసం ఇంకా పెరగాలి" అని చెప్పి పంపేస్తారు. వేదిక మీదికి మెట్లు తప్ప మరో దారి లేదు. మళ్లీ వాయిస్తావా అని వాడిని ఎవరూ అడగలేదు కూడా.

వాడు విశ్వాసాన్ని వదల్లేదు. ఇంట్లో వాక్యం చదువుతాడు, ప్రార్థిస్తాడు, నాకు తెలియనివి ఎన్నో నేర్పుతాడు. సంఘానికి మాత్రం రానంటున్నాడు. పెద్దలతో మాట్లాడదామంటే ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియడం లేదు. వాళ్లు కఠినులైతే ఎదురు చెప్పడం సులువయ్యేది. వాళ్లకు వాడంటే నిజంగానే ప్రేమ.

నూనె దీపం

సహోదరీ, మీ ఆవేదన అర్థమైంది. అందరి ముందూ లేపడానికి ప్రయత్నించడం తప్పే. కానీ సువార్తల్లోంచి స్వస్థతలు తీసేస్తే యేసు పరిచర్యలో ఎంత మిగులుతుంది? యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో సంఘ పెద్దలు రోగికి నూనె రాసి ప్రార్థించాలని స్పష్టంగా ఉంది. చాలా కాలంగా నేను ఈ పరిచర్యలోనే ఉన్నాను. డాక్టర్లు ఆశ వదులుకున్నవాళ్లు కోలుకోవడం కళ్లారా చూశాను. కొందరు నొచ్చుకుంటున్నారని ప్రార్థన మానేస్తే, నిరీక్షణతో వచ్చే వందమందికి ఏం చెప్పాలి?

బ్రెయిలీ చదువరి

అన్నా, మీరు చూపిన వచనాన్నే నిదానంగా చదవండి. రోగి తానే పెద్దలను పిలిపించుకోవాలని అక్కడ ఉంది. పిలుపు అతని నుంచి రావాలి. పెద్దలు వెతికి పట్టుకుని ప్రార్థించాలని లేదు.

నాకు పుట్టుకతోనే చూపు లేదు. ఒకసారి మా అమ్మాయికి జ్వరం తగ్గడం లేదని, ప్రార్థించమని అడిగాను. చుట్టూ చేరి నా కళ్ల కోసం ప్రార్థించారు. చాలాసేపు, కన్నీళ్లతో ప్రార్థించారు. అమ్మాయి పేరు ఒక్కసారి కూడా వినబడలేదు. నా ఇంట్లో నాకున్న భారం ఏమిటో నేనే చెప్పినా వాళ్ల చెవికెక్కలేదు. వాళ్లకు నాలో కళ్లు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

మార్కు 10వ అధ్యాయంలో బర్తిమయి కేకలు వేస్తుంటే జనం నోరు మూసుకోమన్నారు. అతను గుడ్డివాడని అక్కడున్న అందరికీ తెలుసు, యేసుకూ తెలుసు. అయినా "నేను నీకేమి చేయగోరుచున్నావు" అని అడిగాడు. జవాబు చెప్పే హక్కు అతనికే ఇచ్చాడు. ఆ అడగడమే కనికరంలో మొదటి మెట్టని నేను నమ్ముతున్నాను. అది దాటేసి చేసేదంతా చేసేవాళ్ల తృప్తి కోసమే అవుతుంది.

అక్కా, మీ తమ్ముడిని బలవంతం చేయవద్దు.

సంఘ పెద్ద

నేను ఒక చిన్న సంఘంలో పెద్దగా సేవ చేస్తున్నాను. మా వైపు నుంచి కూడా ఆలోచించండి. భవనం పాతది, ముందు అన్నీ మెట్లే. చందాలు నెల ఖర్చులకే సరిపోతాయి. వీల్‌చైర్‌లో వచ్చే విశ్వాసులు మాకు ప్రస్తుతం లేరు. ఎవరైనా వస్తే నలుగురు యువకులు కుర్చీతో సహా ఎత్తి లోపలికి తీసుకొస్తారు, సంతోషంగా చేస్తారు. అది చాలదంటారా?

ఏటవాలు

పెద్దాయనా, చాలదు. నేను వీల్‌చైర్‌లో తిరిగేవాడిని, అందుకే చెబుతున్నాను. కుర్చీతో సహా ఎత్తినప్పుడు ఎవరి చెయ్యి జారినా పడేది నేను. ఒంటరిగా, ఎవరికీ చెప్పకుండా, ఆరాధన మధ్యలో వచ్చి వెనక కూర్చునే స్వేచ్ఛ మీ అందరికీ ఉంది. నాకు నలుగురు కావాలి. బయటికి వెళ్లాలన్నా ఆ నలుగురే కావాలి. ఆ స్థితిలో ఉన్నవాడు రెండోసారి రాకపోతే అతని భక్తిని శంకించకండి.

మీ సంఘంలో వీల్‌చైర్ వాళ్లు లేకపోవడానికి ఆ మెట్లే కారణం కావచ్చు. ప్రపంచంలో సుమారు 130 కోట్ల మందికి, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరికి, గణనీయమైన వైకల్యం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మీ ఆరాధనలో ఆ ఆరో మనిషి కనిపించకపోతే ఎక్కడున్నాడో వెతకాలి.

ఇక ర్యాంపు సంగతి. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. గుమ్మం రెండడుగుల ఎత్తులో ఉంటే ఇరవై నాలుగు అడుగులు. చోటు లేదని నిటారుగా కడితే అది ఎవరికీ పనికిరాదు, దిగేటప్పుడు మరీ ప్రమాదం. పైన తలుపు దగ్గర కుర్చీ తిరగడానికి సమతలంగా జాగా వదలాలి. పక్కన చేతిపట్టు కావాలి. మరుగుదొడ్డి తలుపు సన్నగా ఉంటే ర్యాంపు కట్టి కూడా సగం ప్రయోజనమే. లోపల, చిట్టచివర గోడ పక్కన "వీల్‌చైర్ల స్థలం" అని పెట్టవద్దు. మధ్య వరుసల్లో ఒక బల్లను పొట్టిగా కోయిస్తే చాలు, కుటుంబంతో కలిసి కూర్చోవచ్చు.

మార్కు 2వ అధ్యాయంలో పక్షవాయువు గలవాడిని నలుగురు మోసుకొచ్చారు. దారి లేకపోతే పైకప్పు విప్పి దించారు. పైకప్పు పాడైందని యేసు మందలించినట్లు ఎక్కడా లేదు, వాళ్ల విశ్వాసం చూశాడని మాత్రం ఉంది. భవనం విషయంలో నేను అడిగేది ఆ కథలో జరిగిన దానికంటే చాలా చిన్నది.

ఆదరణ గారూ, మీ తమ్ముడి కోసం వేదికకు ర్యాంపు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. కీబోర్డును కిందికి దించమనండి. మిగతా వాద్యకారులు కూడా కిందికే దిగి వాయించవచ్చు. ఇది ఒక్క ఆదివారంలో అయ్యే పని.

నూనె దీపం

వాక్యం ప్రకారమే ఇంకో ప్రశ్న. యోహాను 5వ అధ్యాయంలో ముప్పై ఎనిమిదేళ్లుగా వ్యాధితో ఉన్నవాడిని బాగుచేశాక, ఇక పాపం చేయవద్దని యేసు హెచ్చరించాడు. అంటే కొన్ని సందర్భాల్లో పాపానికి, వ్యాధికి సంబంధం ఉందనే కదా? దీని గురించి ఎవరూ మాట్లాడరు.

ప్రశ్నోత్తరి

వేదాంత కళాశాలలో చదువుతున్నాను. ఈ వచనం గురించి మా తరగతిలో పెద్ద వాదనే జరిగింది.

ఆ మాట యేసు ఒక మనిషితో, అతన్ని ఎరిగి అన్నాడు. దాన్ని సూత్రంగా మార్చి అందరికీ వర్తింపజేసే అవకాశాన్ని అదే సువార్త 9వ అధ్యాయం మూసేస్తుంది. అక్కడ పుట్టు గుడ్డివాడిని చూపించి, పాపం చేసింది ఇతనా, తల్లిదండ్రులా అని శిష్యులు అడిగారు. ఇతనూ కాదు, వీళ్లూ కాదు అని యేసు చెప్పాడు. ఆ అధ్యాయం చివరిదాకా చదివితే ఇంకో సంగతి తెలుస్తుంది. చూపు వచ్చాక కూడా అతన్ని పాపంలో పుట్టినవాడని నిందించి వెలివేసింది మతపెద్దలే. యేసు అతన్ని వెతుక్కుంటూ వెళ్లాడు.

పౌలు తన శరీరంలోని ముల్లు తొలగించమని మూడుసార్లు వేడుకున్నాడు. తొలగలేదు. "నా కృప నీకు చాలును" అనే జవాబు వచ్చింది. పౌలుకు విశ్వాసం చాలలేదని మన సంఘాల్లో ఎవరూ అనరు. ఆదరణ గారి తమ్ముడిని మాత్రం అంటారు.

చరిత్రలో సంఘం ఈ విషయంలో రెండు విధాలుగానూ నడిచింది. లేవీయకాండం 21వ అధ్యాయం అవయవలోపం ఉన్న యాజకుడు బలిపీఠం దగ్గరికి రాకూడదంటుంది, అయితే పరిశుద్ధమైన ఆహారం తినవచ్చని కూడా అంటుంది. మొదటి సగం మాత్రమే మనకు బాగా గుర్తుండిపోయింది. 1917 నాటి కాథలిక్ చర్చి చట్టం కొన్ని శారీరక లోపాలున్నవారు గురువులు (ఫాదర్లు) కాకుండా అడ్డుకునేది. 1983లో వచ్చిన కొత్త చట్టంలో ఆ అడ్డు తీసేశారు. దానికి ఎన్నో శతాబ్దాల ముందే, జర్మన్ ప్రాంతంలోని రైఖెనావ్ మఠంలో హెర్మన్ అనే సన్యాసి ఉండేవాడు (1013–1054). చిన్నప్పటి నుంచి కదలడమే కష్టం, మాట కూడా స్పష్టంగా వచ్చేది కాదు. ఆయన ఖగోళశాస్త్రం, గణితం, సంగీతం మీద రాశాడు, శిష్యులు ఆయన దగ్గరికి వచ్చి నేర్చుకున్నారు. ఆ మఠం ఆయనకు అన్నం పెట్టి ఊరుకోలేదు, ఆయన దగ్గర విద్య నేర్చుకుంది. నాకు ఆ రెండోదే ముఖ్యంగా కనిపిస్తుంది.

నాన్సీ ఐస్లాండ్ అనే వేదాంతి, తానూ వైకల్యంతో జీవించినవారు, 1994లో ఒక ఆలోచన ముందుకు తెచ్చారు. పునరుత్థానుడైన క్రీస్తు శరీరంలో గాయాలు మానిపోలేదు. యోహాను 20వ అధ్యాయంలో చేతుల్లో, ప్రక్కలో ఆ గుర్తులతోనే తోమాకు కనిపించాడు. మహిమ శరీరమంటే ఏ లోపమూ లేని శరీరమని మనం ఊహించుకున్నది లేఖనంలో అలా లేదు. ఈ మాటతో అందరూ ఏకీభవించరని తెలుసు. నేనైతే ఆ అధ్యాయాన్ని ఇక పాత కళ్లతో చదవలేను.

సైగ

నేను బధిరుడిని. ఈ చర్చలో నాలాంటివాళ్ల మాట రాలేదు కాబట్టి రాస్తున్నాను.

ప్రార్థన మొదలవగానే "కళ్లు మూసుకుందాం" అంటారు. కళ్లు మూసుకుంటే నాకు ప్రార్థన ఆగిపోతుంది. భక్తి వాతావరణం కోసం దీపాలు తగ్గిస్తారు. అనువాదకురాలి చేతులు చీకట్లో కలిసిపోతాయి. ఆమెను ఒక మూల నిలబెడతారు, ప్రసంగీకుడు ఇంకో మూల ఉంటాడు. ఇద్దరినీ చూడాలంటే మెడ నొప్పి. సైగలతో పాట పాడితే సంఘమంతా ఆనందిస్తుంది, ఫొటోలు తీసుకుంటుంది. ఆరాధన అయ్యాక నాతో మాట్లాడటానికి "ఎలా ఉన్నారు" అనే సైగ నేర్చుకున్నవాళ్లు ఒకరిద్దరే.

మార్కు 7వ అధ్యాయం చూడండి. చెవిటివాడిని యేసు జనసమూహంలోంచి పక్కకు తీసుకెళ్లాడు. చెవుల్లో వేళ్లు పెట్టాడు, నాలుక ముట్టాడు, ఆకాశం వైపు చూశాడు. వినలేనివాడికి అర్థమయ్యే రీతిలో, చేతులతో, ముందే అంతా చెప్పాడు. జనం ముందు ప్రదర్శనగా చేయలేదు.

సంఘ చరిత్రలో ఇది అర్థమైనవాళ్లు ఉన్నారు. 16వ శతాబ్దంలో స్పెయిన్‌లో పెద్రో పోన్సె దె లియోన్ అనే సన్యాసి బధిరులైన పిల్లలకు చదువు నేర్పాడు. 18వ శతాబ్దంలో పారిస్‌లో దె లెపే అనే గురువు వీధుల్లో బధిరులు వాడే సైగలనే ఆధారంగా చేసుకుని పేద పిల్లలకు ఉచిత పాఠశాల నడిపాడు. అయితే అమెరికన్ సంజ్ఞా భాషలో సంపూర్ణ బైబిలు పూర్తయింది 2020లో. మిగతా సంజ్ఞా భాషల్లో ఎక్కువ వాటికి సంపూర్ణ బైబిలు ఇంకా లేదు. రాసిన అక్షరాలు చదువుకోవచ్చు కదా అని అడుగుతుంటారు. సైగలే మాతృభాష అయినవాడికి అది పరాయి భాషే.

నిర్వాహకులు

చర్చ చక్కగా సాగుతోంది. అనుభవాలు రాసేటప్పుడు సంఘాల పేర్లు, పాస్టర్ల పేర్లు రాయవద్దని మనవి.

ఆదరణ

మీరు రాసినవన్నీ తమ్ముడికి చదివి వినిపించాను. కీబోర్డు కిందికి దించమన్న మాటకు మొహం వెలిగింది. తర్వాత ఒక ప్రశ్న అడిగాడు, ఇక్కడ రాయమన్నాడు. వాడి మాటల్లోనే:

"నాకు మళ్లీ నడవాలని ఉంది. ఆ మాట పైకి అంటే దేవుని చిత్తానికి లోబడలేదంటారు. అనకపోతే ఆశ వదులుకున్నానంటారు. ఏడిస్తే విశ్వాసం తగ్గిందంటారు, నవ్వితే సాక్ష్యం చెప్పమంటారు. నేను దేవుడితో ఉన్నదున్నట్లు మాట్లాడుకునే చోటు సంఘంలో ఉందా?"

ఏటవాలు

తమ్ముడూ, ఈ ప్రశ్నకు నా దగ్గర తయారుగా జవాబు లేదు. 88వ కీర్తన చదువు. మొదటి నుంచి చివరిదాకా మొర. చాలా విలాప కీర్తనలు చివరికి స్తుతిలోకి తిరుగుతాయి, ఇది తిరగదు. చీకటి అనే మాటతోనే ముగుస్తుంది. దాన్ని కూడా ఆరాధనలో పాడుకోవడానికే ఇచ్చారు. ఆ కీర్తన రాసినవాడిని మన సంఘాల్లో సాక్ష్యం చెప్పమంటే మధ్యలోనే మైకు తీసుకునేవాళ్లేమో అనిపిస్తుంది, ఆ సంగతి నన్ను బాధపెడుతుంది. నడవాలని కోరుకో. నడవలేని ఈ రోజు కూడా నీదే, అందులో వాయించు. రెండూ ఒకే గుండెలో ఉండవచ్చు. నాలో ఉన్నాయి.

నూనె దీపం

తమ్ముడి మాటలు రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు. దేవుడు స్వస్థపరుస్తాడని నేను నమ్ముతాను, నమ్ముతూనే ఉంటాను. ఇక్కడ కొందరితో ఈ విషయంలో నాకు ఏకీభావం కుదరదు. అయితే మా ప్రార్థన బృందానికి ఒక నియమం ప్రతిపాదిస్తున్నాను: దేని కోసం ప్రార్థించాలో ముందు ఆ మనిషినే అడగాలి, చెప్పినదాని కోసమే ప్రార్థించాలి, వద్దంటే పక్కన కూర్చోవాలి. ఫలితం రాకపోతే విశ్వాసం గురించి ఒక్క మాట కూడా అనకూడదు.

బ్రెయిలీ చదువరి

అన్నా, మీ బృందం మా ఊరికి వస్తే నా కోసం ప్రార్థించమని నేనే పిలుస్తాను.

సంఘ పెద్ద

ర్యాంపు కొలతలు రాసుకున్నాను, కమిటీ ముందు పెడతాను. సహాయ కార్యక్రమాల గురించి కూడా ఒక మాట. 1964లో ఫ్రాన్స్‌లో మొదలైన లార్ష్ సమాజాల గురించి చదివాను. మేధోవైకల్యం ఉన్నవాళ్లు, లేనివాళ్లు ఒకే ఇంట్లో కలిసి బతకడం వాటి పద్ధతి. హెన్రీ నౌవెన్ వంటి గురువు విశ్వవిద్యాలయంలో బోధన వదిలి, 1986లో కెనడాలోని అలాంటి సమాజంలో చేరి, చివరి దశాబ్దం అక్కడే గడిపారు. వస్తువులు పంచి వచ్చేయడం కంటే అది ఎంతో లోతైనదనిపించింది.

ఏటవాలు

నిజమే, ఆ ఇళ్లలో మంచి జరిగింది, జరుగుతోంది. కానీ ఆ కథలో రెండో సగం కూడా సంఘాలకు తెలియాలి. వ్యవస్థాపకుడు జాన్ వానియే 2019లో చనిపోయాడు. మరుసటి సంవత్సరమే, లార్ష్ తానే చేయించిన విచారణలో, ఆధ్యాత్మిక సలహా పేరుతో ఆయన స్త్రీలను లైంగికంగా దోపిడీ చేశాడని తేలింది. వాళ్లు వైకల్యం ఉన్నవాళ్లు కారు. 2023 నాటి నివేదిక కనీసం 25 మంది అని చెప్పింది. కనికరానికి ప్రతిరూపమని ప్రపంచం కొనియాడిన మనిషి ఆయన. ఎవరి మంచితనం మీదైనా నిఘా ఉండాలి. నన్ను ఎత్తేది ఎవరో, స్నానానికో మరుగుదొడ్డికో సాయం చేసేది ఎవరో నేను ఎంచుకోవాలి. పిల్లల దగ్గర, మాట రానివాళ్ల దగ్గర ఏ సేవకుడూ ఒంటరిగా ఉండకూడదు.

ప్రశ్నోత్తరి

కనికరం అనే పేరు ఎంత దూరం పోగలదో ఇంకో ఉదాహరణ. నాజీ జర్మనీలో వికలాంగులను, మానసిక రోగులను చంపడానికి హిట్లర్ సంతకం చేసిన కాగితంలో దాన్ని దయతో ఇచ్చే మరణంగానే పేర్కొన్నారు. 1941 ఆగస్టు నాటికి 70,000 మందికి పైగా గ్యాస్ గదుల్లో ప్రాణాలు కోల్పోయారు. చర్చిలు నడిపిన ఆశ్రమాల నుంచి కూడా మనుషులను బస్సుల్లో తీసుకెళ్లారు. మ్యూన్‌స్టర్ బిషప్ ఫోన్ గాలెన్ ఆ నెల 3న బహిరంగంగా ప్రసంగిస్తూ, ఉత్పత్తి చేయలేని మనిషికి బతికే హక్కు లేదంటే రేపు మనమందరం ముసలివాళ్లమయ్యాక మన గతి ఏమిటని ప్రశ్నించాడు. ఆ ప్రసంగం ప్రతులు చేతులు మారుతూ దేశమంతా వెళ్లాయి. చాలామంది మౌనంగా ఉన్న కాలంలో ఆయన మాట్లాడాడు.

బేతనియ

నేను ఇన్నాళ్లూ చదువుతూ వచ్చాను. ఇప్పుడు అడుగుతున్నాను. మా అబ్బాయికి మేధోవైకల్యం, ఆటిజం రెండూ ఉన్నాయి. పెద్దవాడయ్యాడు. మాటలు కొద్దిగానే వస్తాయి. డ్రమ్స్ శబ్దం పెరిగితే చెవులు మూసుకుని అరుస్తాడు. అప్పుడు ఎవరో ఒకరు వచ్చి మెల్లగా "కాసేపు బయట ఉండండమ్మా" అంటారు. ఆ కాసేపు ఎప్పుడూ ఆరాధన చివరిదాకా ఉంటుంది. అది నేను ఓర్చుకోగలను.

ప్రభు బల్ల దగ్గర మాత్రం ఓర్చుకోలేకపోతున్నాను. రొట్టె, ద్రాక్షారసం వచ్చినప్పుడు వాడు చెయ్యి చాస్తాడు. పళ్లెం వాడిని దాటి వెళ్లిపోతుంది. తన్ను తాను పరీక్షించుకునే తెలివి లేనివాడికి ఇవ్వకూడదని, ఇస్తే వాడికే శిక్ష అని పాస్టరుగారు చెప్పారు. అది నిజమేనా?

ప్రశ్నోత్తరి

అమ్మా, పాస్టరుగారు చూపించే వచనం 1 కొరింథీ 11:28. దయచేసి 20వ వచనం నుంచి 34 వరకు ఒకేసారి చదవండి. కొరింథులో జరిగిందేమిటి? ముందు వచ్చినవాళ్లు కడుపునిండా తిని తాగేవాళ్లు, లేనివాళ్లు ఆకలితో ఉండిపోయేవాళ్లు. పేదలను సిగ్గుపరుస్తున్నారని పౌలు మండిపడ్డాడు. పరీక్షించుకోమన్నది అలా తోటివాళ్లను దాటేసి తింటున్నవాళ్లను. చివరికి ఒకరికోసం ఒకరు ఆగమని చెప్పి ముగించాడు. అదే భాగంలో పౌలు చెప్పిన ప్రభువు శరీరాన్ని వివేచించడమంటే, తర్వాతి అధ్యాయం చెప్పినట్లు, బలహీనంగా కనిపించే అవయవాలు ఎక్కువ అవసరమని గ్రహించడం కూడా. ఈ వాక్యభాగం ప్రకారం పరీక్షించుకోవలసింది మీ అబ్బాయిని దాటించిన చేతులని నా అభిప్రాయం. ఇందులో సంఘాల మధ్య భేదాలున్నాయి. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు బాప్తిస్మం పొందిన పసిబిడ్డలకు కూడా బల్లలో భాగమిస్తాయి. అక్కడ తెలివి కొలమానం కానే కాదు.

సంఘ పెద్ద

అమ్మా, మా సంఘంలో బల్ల పరిచర్య నా బాధ్యత. మా పాస్టరుగారి ముందు ఈ వాక్యభాగం పెట్టి మాట్లాడాక రాస్తున్నాను. మీ అబ్బాయికి మా బల్లలో భాగం ఉంటుంది. మీ సంఘం వదిలి రమ్మని అనను. వచ్చిన రోజు మాత్రం పళ్లెం వాడి దగ్గర ఆగుతుంది. డ్రమ్స్ శబ్దం తగ్గించమని కూడా చెప్పాను. వాడి గురించి మేము ముందే తెలుసుకోవలసింది ఏమైనా ఉందా?

బేతనియ

పొడి రొట్టె గొంతుకు అడ్డం పడుతుంది. ద్రాక్షారసంలో ముంచి, చిన్న ముక్క ఇవ్వాలి. ముందు ఆ ముక్క చూపించి, వాడు మిమ్మల్ని చూసేదాకా ఆగండి. మొహం చూడకుండా నోటికి పెడితే భయపడతాడు. వాడి పేరు పెట్టి పిలవండి, వాడికి పేరు బాగా తెలుసు.